అవతలి ఒడ్డు లేని ఏరు

చెంగల్రాయుడికి బొమ్మ ఎక్కడ ఆపాలో తెలియలేదు.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక తల పట్టుకునేవాళ్ళు బోలెడుమంది ఉంటారు. ఎక్కడ ఆపాలో తెలియక అన్నం మానేసినవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? వాడు మానేశాడు. పాలలోనూ కరక్కాయ రసంలోనూ నానబెట్టి ఎండేసిన గుడ్డ సావిట్లో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరిచి ఉంది. దాని మీద కొండలు గీశాడు, ఊళ్ళు గీశాడు, చెరువులూ చేలూ గీశాడు. ఏటి దాకా వచ్చి, కలం పక్కన పెట్టి కూర్చున్నాడు.

సంగతేమిటంటే, ఆ పాళెం అంతకు ముందు ఏడాదే రెండు ముక్కలైంది. పెద్దదొర, చిన్నదొర అని ఇద్దరన్నదమ్ములు. తండ్రి పోయి పెద్దకర్మ కూడా కాకముందే పంపకాల మాట ఎత్తారు. గుర్రాలు పంచుకున్నారు, తుపాకులు పంచుకున్నారు, చివరికి నేల పంచుకున్నారు. మధ్యలో ఏరుంది గనక పని సులువైపోయింది. ఏటికి ఇవతల పెద్దదొరది, అవతల చిన్నదొరది. అప్పటిదాకా ఆ ఏరు తాగడానికీ, బట్టలుతుక్కోడానికీ, చేపలు పట్టుకోడానికీ ఉండేది. ఆ రోజు నుంచి దాని నెత్తిన ఇంకో పని పడింది.

పంచుకోవడమైతే అయింది గానీ పెద్దదొరకి మనసు కుదుటపడలేదు. జనం ఇంకా పాత పద్ధతిలోనే మాట్లాడుతున్నారు. అవతల జరిగే సంతని మన సంత అంటున్నారు, అవతలి జాతరని మన జాతర అంటున్నారు. మీది ఏ సీమరా అని అడిగితే ఊరి పేరు చెప్పి ఊరుకుంటున్నారు. ఏ సీమ అన్న మాట వాళ్ళకెప్పుడూ అవసరం పడలేదు మరి. దొర ఆలోచించాడు. అక్షరం ముక్క రాని జనానికి రాళ్ళ మీద రాయించి ఏం లాభం? బొమ్మ అయితే పసిపిల్లకైనా తెలుస్తుంది. కచేరీ గోడకి పెద్ద గుడ్డ వేలాడదీసి, ఇదిగో ఇదీ మన సీమ అని చూపించాలి. చూసి చూసి వాళ్ళే నేర్చుకుంటారు.

తెలివితక్కువ ఆలోచనేం కాదు. దొరలకి తెలివి తక్కువని ఎవరన్నారు?

ఆ పని పెంచలయ్య ఇంటికి వచ్చింది. గుడ్డ మీద కలంతో బొమ్మలేసేవాళ్ళలో ఆయన తర్వాతే ఎవరైనా. కానీ ఆయనకి ముసలితనం వచ్చేసింది. చూపు మందగించింది, చెయ్యి వణుకుతోంది. గురువు పేరు మీద వచ్చిన పని శిష్యుడి చేతిలో పడింది. చెంగల్రాయుడు ఒకసారి గీత గీస్తే మళ్ళీ చూసుకోనక్కర్లేదు. ఆ సంగతి అందరికంటే వాడికే ఎక్కువ తెలుసు. వాడి జబ్బల్లా అదే.

వాడికి తల్లీ తండ్రీ లేరు. ఉన్నదొక్క చెల్లెలు, మునెమ్మ. అవతల ఒక పల్లెలో ఓబులేసు అనే రైతుకిచ్చి పెళ్ళి చేశాడు. పంపకాలకి ముందే చేశాడు లెండి. అప్పుడది అవతల కాదు, పడవెక్కితే వచ్చే పక్క ఊరు. ఇప్పుడామె కడుపుతో ఉంది. తొలి కాన్పు. పుట్టింటికి తీసుకురావలసినవాడు వీడొక్కడే. పైగా ఆ పల్లెలో మంత్రసాని లేదు, చెయ్యి తిరిగిన మంత్రసాని ఇవతల వీడి వీధిలోనే ఉంది.

ఏడో నెల రాగానే ఓబులేసు దగ్గర నుంచి కబురొచ్చింది, వచ్చి పిల్లని తీసుకుపొమ్మని. గుడ్డ పని సగంలో ఉంది. పని కానిచ్చుకుని వస్తానని వీడు తిరుగు కబురు పంపాడు. ఎనిమిదో నెలలో కడుపుతో ఉన్న పిల్లని గడప దాటించరు, ఇక ఏరు దాటించడమా? సరే, తొమ్మిదో నెలలో తెచ్చుకుంటాను, ఏం మునిగిపోయింది అనుకున్నాడు. అప్పటికి గుడ్డ దొర గోడ మీదకి ఎక్కుతుంది, తను ఖాళీగా ఉంటాడు, చెల్లెల్ని దగ్గర కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్పొచ్చు. అన్నీ బాగానే అనుకున్నాడు.

ఇప్పుడు ఏటి దగ్గర ఆగిపోయాడు.

పెంచలయ్య అరుగు మీద కూర్చుని వెదురు పుల్ల చివర ఉన్ని చుడుతున్నాడు. చెంగల్రాయుడు వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాడు.

"గురువుగారూ, సీమ ఇక్కడితో అయిపోయిందని బొమ్మలో ఎట్లా చెప్పాలి?"

ఆయన తల ఎత్తలేదు. "నీకు ఎక్కడ అయిపోయినట్టు కనపడితే అక్కడ ఆపు" అన్నాడు.

వాడు రెండు రోజులు ఆ గుడ్డ చుట్టూ తిరిగాడు. మూడోనాడు కనపడింది వాడికి. ఏరు గీశాడు, అలలు గీశాడు, చేపలు గీశాడు. ఏటిని ఆనుకునే తామర తీగెతో అంచు వేసేశాడు. ఆ పనిలో అంచు ఎప్పుడూ తిన్నగానే ఉంటుంది, నాలుగు వైపులా గోడ కట్టినట్టు. తాతల నాటి నుంచి అంతే. వీడు దాన్ని వంచాడు. ఏరు ఎటు తిరిగితే అంచూ అటే తిరిగింది. తీగె తర్వాత వట్టి గుడ్డ. ఇంతవరకూ ఎవరూ అట్లా వేయలేదు. ఇంటి పక్కవాళ్ళు వచ్చి చూసి ముక్కు మీద వేలేసుకున్నారు. అన్నం తిన్నాడు ఆ పూట, కడుపు నిండా.

పెంచలయ్య కూడా వచ్చి చూశాడు. చూపు ఆననివాడు గనక గుడ్డ మీదకి బాగా వంగి, కొండల దగ్గర నుంచి ఒక్కొక్క ఊరే చూసుకుంటూ వచ్చాడు. ఏటి దగ్గరికి వచ్చాక ఆగాడు.

"అవతలి ఒడ్డు ఏదిరా?"

"అది మన సీమ కాదు గదా గురువుగారూ."

ఆయన ఊఁ అన్నాడు. నడుం మీద చెయ్యి వేసుకుని మెల్లగా లేచి వెళ్ళిపోయాడు.

ఆ వారంలో దివాను కూడా చూసి పోదామని వచ్చాడు. నెమ్మదస్థుడు, నవ్వు మొహం, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. అవతలి ఒడ్డు మీద ముళ్ళ అడవీ నక్కలూ వేయించాలని ఆయనకి మొదట్లో ఉండేదట. ఆ మాట చెప్పి, ఇట్లా ఏమీ లేకపోవడమే ఇంకా బాగుంది అన్నాడు. నక్కలుంటే నక్కల గురించైనా అడుగుతారు, ఏమీ లేనిదాని గురించి ఎవరడుగుతారు అన్నాడు. తీగె అంచు మీద వేలితో రాసి రాసి చూసుకున్నాడు. చెంగల్రాయుడు పొంగిపోయాడు. పొంగడా మరి?

నల్ల గీతలు అయిపోయాయి, ఇక ఎరుపు ఎక్కించాలి. ఎరుపు కావలసిన చోటల్లా పటిక నీళ్ళు పూస్తారు. పటికకి తన రంగంటూ ఉండదు. చిరివేరు దంచి నీళ్ళలో వేసి, ఆ నీళ్ళలో గుడ్డ ఉడకబెడితే, పటిక తగిలిన చోట ఎరుపు పట్టుకుంటుంది, తగలని చోట పట్టుకోదు. ఇన్నాళ్ళు పడ్డ కష్టమంతా ఆ రాగి కాగులో తేలిపోతుంది. అందుకే కాగు దగ్గర కూర్చోవడం గురువు పని. శిష్యుడు ఎంతటివాడైనా మంట పెట్టడం వరకే.

పొద్దున పొయ్యి వెలిగించారు. పెంచలయ్య పెద్ద కర్రతో గుడ్డని తిప్పుతూ కూర్చున్నాడు. చెంగల్రాయుడు కట్టెలు ఎగదోస్తూ, పొగకి కళ్ళు తుడుచుకుంటూ, దొర ఏమంటాడో అని ఊహించుకుంటున్నాడు. మధ్యాహ్నం దాటాక ఆయన చాలన్నాడు. ఇద్దరూ చెరో కర్రా వేసి గుడ్డని పైకి తీశారు.

ఎరుపు లేదు.

ఆడవాళ్ళ చీరలు, ఇళ్ళ పెంకులు, గుడి మీద జెండా, కొండ మీద పొద్దు, ఏదీ రాలేదు. నల్ల గీతలు మాత్రం ఉన్నాయి. ఊరంతా బూడిద పూసుకున్నట్టు ఉంది. చెంగల్రాయుడు కాగులోకి తొంగి చూశాడు. వట్టి నీళ్ళు మరుగుతున్నాయి.

"వేరు వేయలేదా?"

"ఆ వేరు అవతలి ఇసకలో పుడుతుందిరా. అది మన సీమ కాదు గదా."

నేనైతే అక్కడే కూలబడి ఏడ్చేవాణ్ణి. వాడు ఏడవలేదు, మండిపడ్డాడు. చూపు పోయిందన్నాడు, చేత కానప్పుడు పక్కకి తప్పుకోవాలన్నాడు, శిష్యుడికి పేరొస్తే ఓర్చుకోలేని గురువుని ఎక్కడా చూడలేదన్నాడు. ఇంకా ఏవేవో అన్నాడు గానీ, ఆ మాటలు నా నోటితో నేను చెప్పను. పెంచలయ్య కాగు దగ్గర నుంచి లేచి, పీట పక్కకి జరుపుకున్నాడు.

అటక మీద పాత చిరివేరు మూట ఉంది, పంపకాలకి ముందు తెచ్చి పెట్టుకున్నది. వాడు దాన్ని దించి, దంచి, మర్నాడు తానే కాగు దగ్గర కూర్చున్నాడు. వచ్చింది ఎరుపు. ఎట్లాంటి ఎరుపు! అవతలి ఇసకలో గవ్వలు ఎక్కువ, ఆ గవ్వల సున్నం తిని పెరిగిన వేరు ఎరుపులో దేనికీ తీసిపోదు. పెళ్ళి కళ వచ్చేసింది గుడ్డకి.

ఉడికిన గుడ్డని పారే నీళ్ళలో జాడించాలి. అంత పొడుగు గుడ్డని ప్రవాహంలో ఒక్కడే పట్టుకోలేడు. చెంగల్రాయుడు ఏట్లోకి దిగి దిక్కులు చూస్తుంటే, పెంచలయ్య పంచె ఎగగట్టుకుని వచ్చి రెండో కొస పట్టుకున్నాడు. గుడ్డ పిండి గట్టెక్కే దాకా నోరు విప్పలేదు. గురువు మెత్తబడ్డాడని, లోపల్లోపల ఒప్పుకున్నాడని శిష్యుడు అనుకున్నాడు. ఎదుటివాడు మాట్లాడకపోతే మనకి నచ్చినట్టు అనుకోవడం మనకేమైనా కొత్తా?

గుడ్డ కచేరీ గోడకి ఎక్కింది.

మొదట్లో అంతా తమాషాగానే ఉండేది. జనం బండ్లు కట్టుకుని వచ్చారు. ఎవరి ఊరు వాళ్ళు వెతుక్కోవడం, దొరికాక వేలు పెట్టి చూపించుకోవడం, పక్కవాళ్ళని పిలవడం. ఇదిగో మా చెరువు, ఇదిగో మా రచ్చబండ. ఆడవాళ్ళ పసుపు చేతులు తగిలి కొన్ని ఊళ్ళు పచ్చబడ్డాయి కూడా. తిరునాళ్ళకి వచ్చినట్టు వచ్చిపోయేవాళ్ళు.

వచ్చినవాళ్ళు మొదట ఇది మా ఊరు అన్నారు. వారం తిరక్కుండా ఇదంతా మనదే అన్నారు. ఇంకో వారానికి ఇదే మనది అన్నారు. ఈ మూడు మాటలకీ తేడా లేనట్టే ఉంటుంది, తీరా చూస్తే ఉంటుంది.

ఒకరోజు ఒక ముసలమ్మ వచ్చింది. అవతల పుట్టి, చిన్నప్పుడే ఇవతలికి కోడలిగా వచ్చిన మనిషి. పుట్టిన ఊరు చూసుకుందామని ఆశ. అత్తగారి ఊరి మీద వేలు పెట్టి, చేల గట్టున నడిపించుకుంటూ ఏటి దాకా తెచ్చి, ఏరు దాటించింది. ఆ వేలు తామర తీగె మీదుగా వెళ్ళి, గుడ్డ దాటి, గోడ సున్నానికి తగిలింది. అందరూ గొల్లున నవ్వారు. ముసలమ్మ కూడా నవ్వింది, వేలికంటిన సున్నం చీర కొంగుకి తుడుచుకుంది. మళ్ళీ ఆవిడ కచేరీకి రాలేదు. చెంగల్రాయుడు ఆ మూలే కూర్చుని ఉన్నాడు, తన బొమ్మని ఎవరేమంటున్నారో వినడానికి. అందరితో పాటు వాడూ నవ్వాడు.

ఆ నవ్వు సంతలోకి పాకింది. అవతలి కుమ్మర్లు కుండలు తెచ్చుకుంటే, గుడ్డ మీద మీ ఊరు చూపించండి, అప్పుడు కొంటాం అని కుర్రకారు ఎగతాళి చేసేవాళ్ళు. ఎగతాళి ఎన్నాళ్ళుంటుంది? ఒకడెవడో నిజంగానే కుండలు పగలగొట్టాడు. అవతల కూడా ఇంతేనట, చిన్నదొర కూడా గుడ్డ ఒకటి వేయించాడట, అందులో మనం లేమట. ఆ సంగతి తెలిశాక ఇవతలివాళ్ళకి నిజంగా కోపం వచ్చింది. తాము చేసిన పనే అవతలివాళ్ళు చేస్తే ఎంత దుర్మార్గంగా కనపడుతుందో!

చివరికి దొర హుకుం వచ్చింది. గుడ్డ మీద ఊరున్నవాళ్ళే రేవులో దిగాలి, గుడ్డ మీద ఉన్న ఊళ్ళకే పడవలు పోవాలి. అవతల ఊళ్ళే లేవు గనక పడవలు గట్టుకి కట్టేశారు. ఎవరూ కిక్కురుమనలేదు. జనం నోట అప్పటికే ఉన్న మాటని దొర కాగితం మీద పెట్టాడు, అంతే.

చెంగల్రాయుడికి దొర శాలువా కప్పాడు. ఆ సంబరంలో హుకుం సంగతి వాడికి తలకెక్కలేదు. అది మామూలు జనానికి, తనకి కాదులే అనుకున్నాడు.

తొమ్మిదో నెల వచ్చింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చలిమిడి చేసి గిన్నెలో పెట్టి ఇచ్చారు, పుట్టింటి చలిమిడి తింటే కడుపు చల్లగా ఉంటుందని. కొత్త చీరా, గాజులూ, ఆ గిన్నే పట్టుకుని వాడు రేవుకి వెళ్ళాడు. అక్కడ కావలివాడు తిప్పడు ఉన్నాడు. వీణ్ణి చూడగానే లేచి నిలబడ్డాడు. బొమ్మ వేసిన మనిషంటే వాడికి ఎంత గౌరవమో. ఎక్కడికి పోవాలని అడిగాడు. అవతలికి పోయి చెల్లెల్ని తెచ్చుకోవాలి, పడవ విప్పమని చెంగల్రాయుడు చెప్పాడు.

తిప్పడు తిరిగి ఏటి వైపు చూశాడు.

"అవతల ఏముందండీ? మీరు గీసిందే గదా."

వెటకారం కాదు. వెటకారమైతే బాగుండేది, చెంప మీద కొట్టి పడవ విప్పుకునేవాడు.

చెంగల్రాయుడు దివాను దగ్గరికి పరిగెత్తాడు. దివాను కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు, పిల్లకి ఎన్నో నెల అని అడిగాడు, తొలి కాన్పు గదా జాగ్రత్త అన్నాడు. అన్నీ అడిగి, పడవ మాత్రం కుదరదన్నాడు. బొమ్మ వేసినవాడే బొమ్మ దాటి పోతే రేపు దాన్ని ఎవరు లెక్క చేస్తారని బుజ్జగించాడు. వచ్చే నెలలో దొర చెవిన వేస్తానన్నాడు. కాన్పుకి వచ్చే నెల ఏమిటండీ? వీడు మజ్జిగ ముట్టకుండా లేచి వచ్చేశాడు.

తిరిగి రేవుకి వచ్చేసరికి ఏటి మధ్యలో పడవ ఉంది.

అన్న రాక కోసం చూసి చూసి, నొప్పులు మొదలవగానే ఓబులేసు తానే ఎవరి పడవో అడిగి భార్యని ఎక్కించుకుని బయల్దేరాడు. తెడ్డు తానే వేస్తున్నాడు. మునెమ్మ పడవ అడుగున చాపేసుకుని కూర్చుంది, ఒక చెయ్యి కడుపు మీద, ఒక చెయ్యి ఎండకి అడ్డంగా కళ్ళ మీద. గట్టున ఎవరున్నారో అని చూస్తోంది. కావలివాళ్ళు తుపాకులు ఎత్తి ఏ ఊరని కేకేశారు. ఓబులేసు ఊరి పేరు చెప్పాడు.

ఆ పేరు గుడ్డ మీద ఉందో లేదో గీసినవాడి కంటే బాగా ఎవరికి తెలుసు? తిప్పడు చెంగల్రాయుడి వైపు తిరిగి, ఉందా అండీ అని అడిగాడు.

"ఉంది" అన్నాడు చెంగల్రాయుడు.

తిప్పడు జాలిగా తల అడ్డంగా ఊపాడు. "లేదండీ. నేను రోజూ చూస్తాను."

వాడు ఇసకలో మోకాళ్ళ మీద పడ్డాడు. తిప్పడి కాళ్ళు పట్టుకున్నాడు. నేను గీశానురా, నేను తప్పు గీశానురా అని మొత్తుకున్నాడు. కావలివాళ్ళకి భయమేసింది, మనిషికి మతి చలించిందనుకున్నారు. గుడ్డ తప్పవుతుందా ఎక్కడైనా? ఒకడు వాడి రెక్కలు వెనక్కి విరిచి పట్టుకున్నాడు. ఇంకొకడు పడవ పక్కన నీళ్ళలోకి తుపాకి పేల్చాడు. పడవ వెనక్కి తిరిగింది. తిరిగేటప్పుడు మునెమ్మ అన్నని చూసింది. చూసి చెయ్యి ఊపింది, వచ్చేస్తాను లే అన్నట్టు. వాడికి ఊపడానికి చేతులు లేవు.

రెండు రోజులకి అవతల ఇసకలో పొగ లేచింది. ఏరు అక్కడ బాగా వెడల్పు, పల్లె తాటితోపు వెనక్కి ఉంటుంది, గట్టున నిలబడితే సన్నటి గీత తప్ప ఇంకేమీ ఆనదు. పొగ మాత్రం కనపడింది. ఏటి మధ్యలో ఇటు చేపలవాళ్ళూ అటు చేపలవాళ్ళూ దొంగచాటుగా ఒకరికొకరు చెప్పుకున్న మాటల్లో తెలిసింది. తల్లీ బిడ్డా, ఇద్దరూ.

చెంగల్రాయుడు ఇంట్లోంచి బయటికి రాలేదు. శాలువా వీధిలో పారేస్తే ఎవరో తెచ్చి మళ్ళీ గుమ్మానికి తగిలించి పోయారు, దొరగారిచ్చింది గదా అని. పెద్దకర్మ రోజు మాత్రం ఏట్లో మునిగి, తడి బట్టలతోనే గురువు ఇంటికి వెళ్ళాడు. పెంచలయ్య అరుగు మీదే ఉన్నాడు. గుడ్డ కచేరీ గోడకి ఎక్కాక ఆ ఇంటి గడప తొక్కడం అదే మొదలు.

"మీకు తెలుసు. నాకు ఎందుకు చెప్పలేదు?"

"చెప్పాను" అన్నాడు పెంచలయ్య.

ఆయన మొహంలో కోపం లేదు, గెలిచిన సంతోషం అసలే లేదు. ఆయన కూడా నాలుగు రోజులుగా ఏమీ తిన్నట్టు లేడు.

చెంగల్రాయుడు తడి పంచె అరుగు పక్కన పిండుకున్నాడు. తర్వాత, అవతలి ఒడ్డు గీస్తానన్నాడు. మొత్తం గీస్తాను, ఒక్క ఊరు వదలను, తీసుకుపోయి ఆ గుడ్డకి కుట్టేస్తాను, తర్వాత దొర తల తీసినా సరే అన్నాడు. పెంచలయ్య లోపలికి వెళ్ళి తెల్ల గుడ్డ ఒకటి తెచ్చాడు. ఇద్దరూ కలిసి సావిట్లో పరిచారు. ఎగరకుండా నాలుగు మూలలా రాళ్ళు పెట్టారు. ముసలాయన నల్ల సిరా ముంత తెచ్చి పక్కన పెట్టి, కలం తానే ముంచి శిష్యుడి చేతికిచ్చాడు.

"మునెమ్మ ఇంటితో మొదలుపెడతాను" అన్నాడు వాడు.

"మంచిది. ఇంటి ముందు ఏం చెట్టు?"

చెంగల్రాయుడు కలం గుడ్డకి ఆనించబోయి ఆగాడు. పెళ్ళినాడు ఆ చెట్టు కిందే పందిరి వేశారు. ఆ నీడలోనే తనకీ గురువుకీ పక్కపక్కన విస్తళ్ళు వేశారు. ఏమేం వడ్డించారో చెప్పగలడు. పెళ్ళి తెర మీద తాను వేసిన బొమ్మని ఎవరెవరు ఏ మాటలతో మెచ్చుకున్నారో ఇప్పటికీ చెప్పగలడు. తర్వాత ఎన్నిసార్లు పోలేదు? పోయిన ప్రతిసారీ మునెమ్మ ఆ చెట్టు మొదట్లో మంచం వాల్చేది. వేపా? కానుగా? చింత అయితే కాదు గదా? ఇంటి గుమ్మం ఏటి వైపు ఉండేదా, పొలం వైపా? మునెమ్మ ఎదురొచ్చేది, అదొక్కటే గుర్తుంది. ఎక్కడి నుంచి ఎదురొచ్చేదో కళ్ళు గట్టిగా మూసుకున్నా రావడం లేదు.

కలం చివర నుంచి ఒక చుక్క జారి తెల్ల గుడ్డ మీద పడింది. వాడు కళ్ళు తెరిచి గురువు వైపు చూశాడు, మీరైనా చెప్పండన్నట్టు.

పెంచలయ్య ఆ చుక్కనే చూస్తున్నాడు.

"నాకూ గుర్తు లేదురా" అన్నాడు. "నువ్వైనా చూసుంటావనుకున్నాను."